ప్లేటు చెప్పినది, చట్రం చెప్పినది: ఒక లోటస్ ఎలెవెన్ కేస్ స్టడీ

ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని మా చిన్న వర్క్‌షాపుకు ఒక నవంబరు ఉదయం ట్రైలర్ మీద అల్యూమినియం బాడీ ఉన్న కారు ఒకటి, దానితో పాటు నాలుగు పెట్టెల విడిభాగాలు వచ్చాయి. యజమాని చేతిలోని కాగితాల ప్రకారం అది 1957 నాటి లోటస్ ఎలెవెన్ అనే పందెం కారు, రెండవ శ్రేణి, లెమాన్స్ మోడల్. అంటే కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజన్, వెనుక డి డియాన్ ఇరుసు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉండాలి. అవన్నీ కారులో కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన ఒక వ్యాపారి దగ్గర లెమాన్స్ మోడల్‌కు పలికే ధర పెట్టి దాన్ని కొన్నారు. మమ్మల్ని రెండు పనులు అడిగారు. కారును పాత కార్ల పందేలలో నడపగలిగే స్థితికి తీసుకురావాలి. అంతకంటే ముందు, ఇది నిజంగా ఏ కారో రాతపూర్వకంగా చెప్పాలి. ఈ రెండవ పనికే మాకు ఐదు నెలలు పట్టింది.

ఈ మోడల్ విషయంలో ఆ ప్రశ్న ఎందుకు అడగవలసి వస్తుందో ముందు చెప్పాలి. లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1956లో ఎలెవెన్‌ను తెచ్చినప్పుడు లోటస్ ఉత్తర లండన్‌లోని హార్న్సీలో ఇరుకైన షెడ్లలో నడిచే సంస్థ. చట్రాలను ప్రోగ్రెస్ చాసిస్ అనే సంస్థ తయారు చేసేది. డి హావిలండ్ విమాన సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ కోస్టిన్ గాలి ఒరవడిని లెక్కగట్టి గీసిన బాడీని విలియమ్స్ అండ్ ప్రిచర్డ్ మేస్త్రీలు చేత్తో రేకు సాగదీసి మలిచేవారు. 1958 వరకు తయారైనవి సుమారు 270. బరువు నాలుగున్నర క్వింటాళ్ల దరిదాపుల్లో ఉండే ఈ కారు 1956లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ 24 గంటల పందెంలో ఏడవ స్థానంలో నిలిచి 1100 సీసీ తరగతిని గెలిచింది. మరుసటి ఏడాది ఆ తరగతితో పాటు, 744 సీసీ ఇంజన్‌తో ఇండెక్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ (ఇంజన్ పరిమాణాన్ని బట్టి పనితీరును లెక్కగట్టే) బహుమతిని కూడా లోటసే తీసుకుంది.

ఆ పేరు తెచ్చిన లెమాన్స్ మోడల్ కాక మరో రెండు ఉండేవి. క్లబ్ మోడల్‌లో ఇంజన్ క్లైమాక్స్‌దే అయినా వెనుక మామూలు లైవ్ యాక్సిల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, తనతో పాటే కదిలే ఇరుసు), డ్రమ్ బ్రేకులు ఉండేవి. స్పోర్ట్ మోడల్‌లో ఇరుసు, బ్రేకులు క్లబ్‌వే కాగా ఇంజన్ మాత్రం ఫోర్డ్ కార్ల నుంచి తెచ్చిన 1172 సీసీ సైడ్ వాల్వ్ రకం. ఇది మూడింటిలో చౌక. విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకుంటే కొనుగోలు పన్ను ఉండేది కాదు కాబట్టి చాలామంది అలాగే కొన్నారు. తర్వాత నాలుగు డబ్బులు చేతిలో ఆడినప్పుడు ఇంజన్ మార్చారు, బ్రేకులు మార్చారు, ఢీకొన్నప్పుడు చట్రంలో సగం మార్చారు. అందులో తప్పేమీ లేదు, పందెం కారు బతుకే అంత. చిక్కంతా ఆ మార్పులను దాచి, స్పోర్ట్‌గా పుట్టిన కారును లెమాన్స్‌గా చూపించి అమ్మినప్పుడు వస్తుంది.

మొదటి అభిప్రాయం, అందులో నా తప్పు

మొదట తేల్చుకోవలసినది అసలు ఇది పాత కారేనా అన్నది. 1980ల ఆరంభంలో వెస్ట్‌ఫీల్డ్ సంస్థ ఎలెవెన్ రూపురేఖలతో, ఫైబర్‌గ్లాస్ బాడీతో, ఎంజీ మిడ్జెట్ అనే చిన్న స్పోర్ట్స్ కారు జాతి యంత్రభాగాలతో కార్లు తయారు చేసింది. అవి తమ పేరుతో తాము నిజాయతీగా అమ్ముడైన మంచి కార్లే. అయితే వాటి చట్రాల మీద అల్యూమినియం బాడీ వేసి మరో పేరుతో అమ్మే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మా ముందున్న కారు చట్రం అమరిక వాటిది కాదని ఒక గంటలోనే తేలిపోయింది.

ఆ తర్వాత నేను తొందరపడ్డాను. ఎలెవెన్ మొదటి శ్రేణికీ రెండవ శ్రేణికీ పెద్ద తేడా ముందు సస్పెన్షన్‌లో ఉంటుంది. 1956 కార్లలో ఫోర్డ్ ఇరుసును నడిమికి కోసి, రెండు ముక్కలనూ మధ్యలో మడత పడేలా బిగించిన స్వింగ్ యాక్సిల్ ఉండేది. 1957లో వచ్చిన రెండవ శ్రేణిలో దాని స్థానంలో విష్‌బోన్‌లు, అంటే చక్రాన్ని చట్రానికి కలిపే వీ ఆకారపు చేతులు, వచ్చాయి. మా కారు ముందు విష్‌బోన్‌లు చక్కగా కనిపిస్తున్నాయి, వాటి పనితనం కూడా పాతదిగానే ఉంది. దాంతో తొలి వారంలోనే రెండవ శ్రేణి అనే మాట చాలావరకు సరైనదేనని యజమానికి రాసి పంపాను. రెండు నెలల తర్వాత ఆ ఉత్తరాన్ని నేనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. బోల్టులు విప్పి వేరే భాగం బిగించడం ఒక్కరోజు పని. కాబట్టి బోల్టులతో బిగించిన ఏ భాగమూ కారు పుట్టుకకు సాక్ష్యం కాదు. ఆ సంగతి తెలిసి ఉండి కూడా, చట్రాన్ని శుభ్రం చేయకముందే అభిప్రాయం చెప్పడం నా పొరపాటు.

యజమానికి వ్యాపారి చూపించిన మరో కాగితం అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ వారి హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్. దాన్ని చాలామంది కారుకు జన్మపత్రంలా చూస్తారు. నిజానికి కారు సాంకేతికంగా ఏ కాలపు నిబంధనల కింద పోటీ చేయవచ్చో చెప్పడం వరకే దాని పని. ఫలానా కారు ఫలానా చరిత్ర కలదని అది ధ్రువీకరించదు, అలా ధ్రువీకరిస్తుందని ఎఫ్ఐఏ ఎక్కడా చెప్పదు. ఈ రంగంలోకి కొత్తగా డబ్బు తెచ్చే ప్రతి కొనుగోలుదారుకూ ఈ ఒక్క విషయం ముందుగా తెలిస్తే సగం గొడవలు రావు.

వెర్నియర్ పట్టుకుని చట్రం మీద

చట్రాన్ని శాండ్ బ్లాస్టింగ్‌కు పంపడం అలవాటుగా జరిగే పని. మేము పంపలేదు. ఇసుక తుప్పునూ పెయింటునూ ఊడదీసేటప్పుడు పాత వెల్డింగ్ ఉపరితలాన్నీ, గ్రైండర్ గీతలనూ, బ్రాకెట్లు ఊడిన మచ్చలనూ కూడా నున్నగా చెరిపేస్తుంది. సాక్ష్యమంతా ఉన్నది అక్కడే. పెయింట్ రిమూవర్ రాసి, చెక్క గరిటతో గీకి, గుడ్డతో తుడుస్తూ ఒక్కొక్క గొట్టాన్నే బయటపెట్టాం. ఒక్కొక్క దానికి నంబరు ఇచ్చి, పక్కవాటంగా దీపం పెట్టి ఫోటో తీశాం.

ఎలెవెన్ చట్రంలో ఒక అంగుళం, ముప్పావు అంగుళం గొట్టాలు వాడారు. గోడ మందం బ్రిటిష్ గేజీలో 18, 20. అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 0.9 మిల్లీమీటర్లు. ముందు భాగంలో, ఇంజన్ చుట్టూ, డ్రైవరు పక్కన ఉన్న పెద్ద గొట్టాల మీద వెర్నియర్ (సూక్ష్మ కొలతల పరికరం) పెడితే 25.4 మిల్లీమీటర్లు చూపించింది. అది అచ్చంగా ఒక అంగుళం. సీట్ల వెనుక అడ్డ గొట్టం దాటి అదే వెర్నియర్ పెట్టగానే 25.0 దగ్గర ఆగింది. మొదట పెయింటు తేడా అనుకుని మళ్లీ తుడిచి కొలిచాను, అదే వచ్చింది. అల్ట్రాసోనిక్ మీటరుతో గోడ మందం చూస్తే ముందు భాగంలో 1.2కు కొంచెం తక్కువ, వెనుక భాగంలో 1.5. మిల్లీమీటర్ల కొలతలతో వచ్చిన గొట్టం 1956లో లండన్ చట్రంలోకి వచ్చే దారి లేదు. రెండు భాగాలు కలిసే చోట అతుకు పూర్తిగా మిగ్ వెల్డింగ్, అంటే తీగను విద్యుత్తుతో కరిగించి అతికే తర్వాతి కాలపు పద్ధతి. గ్రైండర్‌తో అదిమి, పైన పుట్టీ పెట్టి దాచారు.

డి డియాన్ అమరికలో డిఫరెన్షియల్ ఇరుసుతో పాటు కదలదు, చట్రానికే బిగించి ఉంటుంది. వెనుక డిస్క్ బ్రేకులు కూడా చక్రాల దగ్గర కాక దాని పక్కనే ఉంటాయి. కాబట్టి డి డియాన్ చట్రంలో ఆ బరువునూ ఆ తిప్పుడు బలాన్నీ మోసే ప్రత్యేకమైన అడ్డ గొట్టాలు, బ్రాకెట్లు ఉండి తీరాలి. మా కారులో అవన్నీ ఉన్నాయి. ఉన్నవన్నీ 25.0 మిల్లీమీటర్ల భాగంలోనే ఉన్నాయి. అంగుళాల భాగంలో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. పైగా ఆ రెండు భాగాల సరిహద్దుకు ఇవతల, పాత గొట్టం మీద ఒకప్పుడు బ్రాకెట్ ఉండి కోసేసిన మచ్చలు ఎడమన, కుడిన ఒకే ఎత్తులో కనిపించాయి. లైవ్ యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచే కడ్డీలు బిగించే చోటు అది.

ముందు భాగంలో కూడా అదే కథ. విష్‌బోన్ బ్రాకెట్ల నడుమ, కింది అడ్డ గొట్టం మధ్యలో, పెయింటు నాలుగు పొరలు ఊడాక, చదునుగా గ్రైండ్ చేసిన రెండు చెవుల మొదళ్లు బయటపడ్డాయి. స్వింగ్ యాక్సిల్ ముక్కలు మడత పడే పిన్ను ఉండవలసిన చోటు సరిగ్గా అదే. అంటే కారు మొదటి శ్రేణిది. నా ఉత్తరం తప్పని తేలింది అప్పుడే.

చాసిస్ (చట్రం) నంబరు కొట్టి కారుకు బిగించిన ప్లేటు సంగతి అన్నిటికంటే తేలికగా తేలింది. దాని మీద అక్షరాలు కొట్టిన తీరు, పట్టి ఉంచిన కొత్త పాప్ రివెట్లు మొదటి నుంచీ నాకు నచ్చలేదు. పాత లోటస్ కార్ల వివరాలు భద్రపరిచే హిస్టారిక్ లోటస్ రిజిస్టర్ వద్ద ఉన్న సమాచారంతో పోల్చి చూసినప్పుడు ఆ నంబరు గల కారు విదేశంలో, తెగని చరిత్రతో, ఇప్పటికీ ఉన్నదని తెలిసింది. ఇంజన్ కూడా నిలబడలేదు. క్లైమాక్స్ వారి ఈ ఇంజన్ వంశం అగ్నిమాపక పంపుల కోసం మొదలైంది. కార్ల కోసం 1098 సీసీగా మార్చినదే ఎఫ్‌డబ్ల్యూఏ. మా బ్లాకు మీద నంబరుకు ముందున్న అక్షరాలు మాత్రం ఎఫ్‌డబ్ల్యూపీ అని చెబుతున్నాయి. అది పంపు ఇంజన్. మంచి ఇంజనే కానీ, ఈ కారుతో దానికి పుట్టుక సంబంధం లేదు.

ముక్కు రేకు మీద మిగిలిన నంబరు

ఇక్కడితో కారు ఏది కాదో తేలింది. ఏదో తేలలేదు.

ముక్కు భాగం రేకు పాతదని మొదటి నుంచీ నా నమ్మకం. లోపలి వైపు సుత్తి దెబ్బల వరస, అంచుల్లో తీగ చుట్టి మడిచిన తీరు అలవాటైన చేతి పనిని చూపిస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకున్న రోజుల్లో మా మేస్త్రీ రేకును వెనక్కి తిప్పి చూడనిదే మాట చెప్పేవారు కాదు, ఆ అలవాటు నాకు ఇక్కడ కూడా అన్నం పెడుతోంది. ఈ కార్లను రోడ్డు మీద కూడా నడిపేవారు కనుక రిజిస్ట్రేషన్ నంబరును చాలామంది ముక్కు రేకు మీదే పెయింటుతో రాయించుకునేవారు. ఆ ఆశతో 1200 గ్రేడు వాటర్ పేపర్‌ను సబ్బు నీళ్లలో ముంచి, అరచేయంత చోటును రోజుకు ఒక పొర చొప్పున రుద్దాను. ఎరుపు, దాని కింద తెలుపు ప్రైమరు, దాని కింద మరో ఎరుపు, ఆ కింద ముదురు ఆకుపచ్చ. ఆకుపచ్చ పొర మీద, దీపాన్ని దాదాపు రేకుకు ఆనించి పెట్టినప్పుడు, తెల్లటి పెయింటు అంచులు వెంట్రుకంత ఎత్తులో లేచి కనిపించాయి. మూడు అక్షరాలు, రెండు అంకెలు చదవగలిగాం. చివరి అంకె ఉన్న చోట ఎప్పుడో సొట్ట తీసి పుట్టీ పెట్టారు.

ఆ కాలపు బ్రిటిష్ నంబర్లలో మూడు అక్షరాల్లో చివరి రెండూ ఏ కౌన్సిల్ నమోదు చేసిందో చెబుతాయి. వాహనాల నమోదు 1974లో స్వాన్సీ కేంద్రానికి మారకముందు ఆ దస్తావేజులు స్థానిక కౌన్సిళ్లవే. కొన్ని పోయాయి, కొన్ని కౌంటీ పత్రాగారాల్లో ఉన్నాయి, కొన్ని డ్రాయిట్‌విచ్ దగ్గరి కిట్‌హెడ్ ట్రస్ట్‌లో భద్రంగా ఉన్నాయి. మా అదృష్టం కొద్దీ మాకు కావలసిన లెడ్జరు మిగిలింది. చివరి అంకె తెలియదు కాబట్టి సున్నా నుంచి తొమ్మిది వరకు పది నమోదులు చూడాలి. వాటిలో తొమ్మిది మామూలు కార్లు, వ్యాన్లు, మోటారు సైకిళ్లు. ఒక్కటి మాత్రం 1956 వేసవిలో నమోదైన లోటస్. రంగు ఆకుపచ్చ, ఇంజన్ 1172 సీసీ. పక్కన చాసిస్ నంబరు కూడా రాసి ఉంది.

ఆ కారు మొదటి శ్రేణి స్పోర్ట్ మోడల్. చట్రం చెప్పిన లైవ్ యాక్సిల్, స్వింగ్ యాక్సిల్, ముక్కు రేకు చెప్పిన రంగు, లెడ్జరు చెప్పిన ఇంజన్ ఒకదానితో ఒకటి సరిపోయాయి. మరి ఆ పాత చాసిస్ నంబరుతో వేరే కారు ఎక్కడైనా ఉన్నదా అని రిజిస్టర్ ద్వారా అడిగాం, లేదని తెలిసింది. 1960ల మధ్య నుంచి 1980ల చివరి వరకు కారు ఎవరి దగ్గర ఉన్నదో చెప్పే కాగితం మాత్రం దొరకలేదు. ఆ ఖాళీని నివేదికలో ఖాళీగానే చూపించాను.

ఇంత మార్పు జరిగాక ఇది ఇంకా ఆ కారేనా అని యజమాని అడిగారు. ఈ రంగంలో పనిచేసే వారందరూ తిరిగి వెళ్లే తీర్పు ఒకటి ఉంది. 1929, 1930 లెమాన్స్ పందేలు గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ విషయంలో 1990లో లండన్ హైకోర్టులో జస్టిస్ ఆటన్ ఇచ్చినది. ఆ కారులో తొలినాటి లోహం చాలా తక్కువ మిగిలినా, మార్పులన్నీ తెగని వరుసలో, బహిరంగంగా, ఒక పందెం కారు జీవితంలో భాగంగా జరిగాయి కనుక ఆ పేరుకు అది అర్హమేనని కోర్టు నిర్ణయించింది. మా కారు పరిస్థితి దాదాపు తలకిందులు. లోహం చాలా మిగిలింది, చరిత్ర మధ్యలో తెగింది. నా అభిప్రాయంలో సీట్ల వెనుక అడ్డ గొట్టం నుంచి ముక్కు వరకు పాత చట్రం ఒక్క ముక్కగా నిలిచి ఉన్నంత కాలం, ఆ నంబరుకు పోటీదారు లేనంత కాలం, ఇది ఆ కారే. అయితే ఈ వాక్యాన్ని నివేదికలో అభిప్రాయమనే శీర్షిక కిందే రాశాను, కనుగొన్న విషయాల కింద రాయలేదు.

స్పోర్ట్ మోడల్ విలువ లెమాన్స్ కంటే బాగా తక్కువ. యజమాని మా నివేదిక తీసుకుని వ్యాపారితో మాట్లాడుకున్నారు, కోర్టుకు వెళ్లకుండానే కొంత సొమ్ము తిరిగి వచ్చింది. డి డియాన్ అమరికను అలాగే ఉంచితే కారు వేగంగా ఉండేది, అమ్మకానికీ తేలిక. ఆయన రెండు వారాలు ఆలోచించి, కారు పుట్టినట్టే ఉండాలన్నారు. ఆ మాట విన్న రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

పునరుద్ధరణ

వెనుక చట్రం మొత్తం కోసి, ఒక అంగుళం, ముప్పావు అంగుళం గొట్టాలతో మళ్లీ కట్టాం. ఇందుకోసం బల్ల మీద జిగ్ (గొట్టాలను కొలత తప్పకుండా పట్టి ఉంచే అచ్చు) తయారు చేసుకుని, 85 అంగుళాల వీల్‌బేస్‌ను (ముందు, వెనుక చక్రాల నడుమ దూరాన్ని), మూల నుంచి మూలకు ఉండే కొలతలను మిగిలిన పాత భాగం ఆధారంగా సరిచూసుకున్నాం. ముందు భాగంలో తుప్పు పట్టిన గొట్టాలను గుర్తించడానికి మీటరుతో పాటు బోరోస్కోప్ కెమెరాను లోపలికి పంపాం. పైకి నిగనిగలాడే గొట్టం లోపల నీళ్లు నిలిచి పుచ్చిపోయి ఉండడం ఈ చట్రాల్లో మామూలే. మూడు గొట్టాలు మార్చవలసి వచ్చింది. కొత్తగా వేసిన ప్రతి గొట్టం మీదా కనిపించని వైపున సంవత్సరం గుద్దాం, రేపు మరొకరు వెర్నియర్ పట్టుకుని మాలాగా వెతుక్కోకూడదని.

ఎలెవెన్ చట్రం గొట్టాలతోనే నిలబడదు. నేల రేకు, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీది సొరంగం రేకు గొట్టాలకు రివెట్ చేసి ఉంటాయి, చట్రం మెలి తిరగకుండా ఆపే పనిలో వాటి వాటా పెద్దది. గత యజమానులలో ఎవరో వాటిని అక్కడక్కడా స్క్రూలతో సరిపెట్టారు. మేము అంతా విప్పి, సరైన దూరంలో రివెట్లు వేశాం. ఉక్కు, అల్యూమినియం నేరుగా ఆనుకుని మధ్యలో తేమ చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది, కాబట్టి రెంటి నడుమ పూత వేయడం తప్పనిసరి.

ముక్కు రేకులో పగుళ్లు పదకొండు. అల్యూమినియాన్ని సుత్తితో కొట్టే ముందు మెత్తబరచాలి. అది ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు, ఒక్కసారిగా కరిగి జారిపోతుంది. అందుకని రేకు మీద బట్టల సబ్బు రుద్ది, వెనుక నుంచి మంట చూపిస్తాం. సబ్బు గీత గోధుమ రంగు దాటి నల్లబడుతుండగానే మంట తీసేయాలి. పగుళ్లను గ్యాస్ వెల్డింగ్‌తోనే అతికాం. విద్యుత్తుతో చేసే టిగ్ వెల్డింగ్ తేలికే కానీ ఆ అతుకు గట్టిపడి, తర్వాత సుత్తితో చదును చేసేటప్పుడు పక్కనే చిట్లే అవకాశం ఎక్కువ. గ్యాస్ పనిలో లోహం శుభ్రంగా అతికేందుకు వాడే రసాయనం, ఫ్లక్స్‌ను వేడి నీళ్లతో పూర్తిగా కడగకపోతే ఏడాదిలో పెయింటు కింద పొక్కులు వస్తాయి, కాబట్టి ప్రతి అతుకునూ రెండు వైపులా మూడుసార్లు కడిగాం. తోక రేకు ఎప్పుడో తర్వాత చేసినది. పనితనం బాగుంది, కారుకు అమరింది, దాన్ని ఉంచేశాం.

ముందు ఇరుసు కోసం పాత ఫోర్డ్ ఇరుసు సంపాదించి, కోసి, మధ్య పిన్ను అమర్చాం. ఇంజన్ గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. 1172 సీసీ ఫోర్డ్ ఇంజన్ దొరకడం కష్టం కాదు, పగుళ్లు లేని బ్లాకు దొరకడమే కష్టం. మూడవ బ్లాకు ఒత్తిడి పరీక్షలో నిలిచింది. దానికి ఫోర్డ్ మూడు గేర్ల పెట్టె జోడించాం. పందేల కోసం అమర్చిన రోల్ బార్‌ను (కారు బోర్లాపడితే డ్రైవరును కాపాడే కమ్మీని) మాత్రం వెల్డ్ చేయకుండా బోల్టులతో, పాత గొట్టాలకు రంధ్రం పడకుండా క్లాంపులతో బిగించాం.

తప్పుడు ప్లేటును తీసి, ఫోటోలతో పాటు యజమాని ఫైల్లో పెట్టాం. దాని స్థానంలో పాతబడినట్టు కనిపించే కొత్త ప్లేటు చేయించడానికి నేను ఒప్పుకోలేదు. లెడ్జరులో దొరికిన నంబరుతో, ఇది మార్పిడి ప్లేటు అనే మాటా తేదీ చెక్కించిన సాదా ప్లేటు బిగించాం.

పాత రిజిస్ట్రేషన్ నంబరును తిరిగి ఇవ్వవలసిందిగా లెడ్జరు నకలు, మా నివేదిక జతచేసి, కార్ల క్లబ్ సిఫారసుతో బ్రిటన్ వాహనాల నమోదు సంస్థ డీవీఎల్ఏకు దరఖాస్తు వెళ్లింది. ఇది రాస్తున్న నాటికి నిర్ణయం రాలేదు. కారు మళ్లీ ముదురు ఆకుపచ్చ రంగులో ఉంది. ముక్కు మీద అరచేయంత చోట మాత్రం కొత్త రంగు వేయకుండా, ఆ పాత పొరలను పారదర్శకమైన పూత కింద అలాగే వదిలాం. అక్కడ మూడు అక్షరాలు, రెండు అంకెలు కనిపిస్తాయి. మూడవ అంకె ఏదో ఇప్పుడు మాకు తెలుసు, అయినా దాన్ని అక్కడ రాయలేదు.